వీడ్కోలు సభలో సీతాకోకచిలుకలు

అమెరికాలో అంత్యక్రియలు ముగిశాకో, కొన్ని వారాల తర్వాత జరిపే సంస్మరణ సభ చివర్లోనో బతికున్న సీతాకోకచిలుకలను గాలిలోకి వదిలే ఆనవాయితీ ఒకటుంది. 1990లలో పెళ్లి వేడుకల్లో ఊపందుకున్న ఈ పద్ధతి త్వరలోనే శ్మశానవాటికలకూ పాకింది. వీటిని పెంచి అమ్మేవాళ్లు 1998లో తమకంటూ ఒక అంతర్జాతీయ సంఘాన్ని కూడా ఏర్పరచుకున్నారు. చివరి దశలో ఉన్న రోగులకు సేవచేసే హాస్పైస్ సంస్థలు కొన్ని, ఆ ఏడాది చనిపోయినవారి కుటుంబాలన్నింటినీ వేసవిలో ఒకచోటికి పిలిచి, పేరుకొకటి చొప్పున సీతాకోకచిలుకలను వదిలిస్తుంటాయి. అంతకుముందు ఇలాంటి సభల్లో బెలూన్లు ఎగరేసేవారు. చిరిగి నేలకూ నీళ్లలోకీ చేరిన రబ్బరు ముక్కల వల్ల పక్షులు, తాబేళ్లు చచ్చిపోతున్నాయని తెలిశాక ఆ అలవాటుకు అడ్డుకట్ట పడింది. బెలూన్లు వదలడాన్ని వర్జీనియా 2021లో, ఫ్లోరిడా 2024లో నిషేధించాయి. దాంతో ప్రకృతికి హాని చేయని ప్రత్యామ్నాయం అన్న పేరు సీతాకోకచిలుకలకు దక్కింది. ఆ పేరుకు అవి ఎంతవరకు తగినవో ఈ అధ్యాయం చివరికి తేలుతుంది.

చావుకూ సీతాకోకచిలుకకూ ముడిపెట్టడం కొత్తేమీ కాదు. గొంగళిపురుగు కదలకుండా ప్యూపాగా బిగుసుకుపోయి, కొన్నాళ్లకు రెక్కలతో బయటికి రావడాన్ని క్రైస్తవులు పునరుత్థానానికి గుర్తుగా తీసుకున్నారు. మెక్సికోలోని మిచోవకాన్ కొండల్లో మోనార్క్ సీతాకోకచిలుకలు ఏటా నవంబరు మొదట్లో, సరిగ్గా మృతుల దినం పండుగ రోజుల్లో గుంపులుగా దిగుతాయి. పోయినవారి ఆత్మలే అలా తిరిగొస్తాయని అక్కడి పురేపెచా, మసావా ప్రజల నమ్మకం. మరణం గురించి మాట్లాడటాన్ని ఆధునిక వైద్యానికి నేర్పిన ఎలిజబెత్ కూబ్లర్-రాస్ కూడా సీతాకోకచిలుకనే తన గుర్తుగా చేసుకుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక పోలండ్‌లోని మైదానెక్ నిర్బంధ శిబిరానికి వెళ్లినప్పుడు, అక్కడి గోడల మీద ఖైదీలు గీసిన సీతాకోకచిలుకలు చూశానని ఆమె చెప్పేది. 1969లో వచ్చిన ఆమె పుస్తకంతో హాస్పైస్ ఉద్యమానికి బలం చేకూరింది. ఆ బొమ్మ కూడా ఆ ఉద్యమంతో పాటే ఊరూరికీ వెళ్లింది.

తెలుగువాళ్లకు ఈ భావం అర్థం కానిదేమీ కాదు. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే ఇళ్లలో ఒక పక్షి రాకతో ఎంత ఊరట కలుగుతుందో అందరికీ తెలుసు. అయితే ఒక తేడా గమనించాలి. కాకి తనంతట తాను వస్తుంది. మెక్సికో కొండలకు మోనార్క్ కూడా తనంతట తానే వస్తుంది. అమెరికా సంస్మరణ సభకు సీతాకోకచిలుక కొరియర్ డబ్బాలో వస్తుంది. ఈ ఏర్పాటులోని మెళకువలూ, దాని మీద వచ్చిన అభ్యంతరాలూ ఆ డబ్బాతోనే మొదలవుతాయి.

అమ్మకానికి పెంచేవి ప్రధానంగా రెండే జాతులు: మోనార్క్, పెయింటెడ్ లేడీ. నారింజ రంగు మీద నల్లని ఈనెలు, అంచుల్లో తెల్లచుక్కలు ఉండే మోనార్క్ రెక్కలు విప్పితే దాదాపు పది సెంటీమీటర్ల వెడల్పుంటుంది, బరువు మాత్రం అరగ్రాము. పెయింటెడ్ లేడీ అంతకంటే చిన్నది, చవకైనది. ఇది దాదాపు ప్రపంచమంతటా ఉంటుంది, మన దేశంలోనూ కనిపిస్తుంది. మోనార్క్ మనకు లేదు గానీ దాని దగ్గరి చుట్టం ప్లెయిన్ టైగర్ ఆంధ్ర, తెలంగాణల్లో ఏ రోడ్డు పక్కనైనా కనబడుతుంది. ప్లెయిన్ టైగర్ జిల్లేడు ఆకుల మీద గుడ్లు పెడితే, మోనార్క్ మిల్క్‌వీడ్ అనే మొక్క మీద పెడుతుంది. ఈ రెండు మొక్కలూ ఒకే కుటుంబానికి చెందినవి, తుంచితే రెండూ పాలు కారతాయి. ఆ పాలలోని విషం గొంగళిపురుగు ఒంట్లో చేరి, రెక్కలొచ్చాక కూడా నిలిచి ఉండి, పక్షులు తినకుండా కాపాడుతుంది. మిల్క్‌వీడ్ లేకపోతే మోనార్క్ గొంగళిపురుగుకు బతుకు లేదు.

గుడ్డు పొదగడానికి మూడు నుంచి ఐదు రోజులు, గొంగళిపురుగుగా రెండు వారాలు, ప్యూపాగా దాదాపు మరో రెండు వారాలు పడుతుంది. అంటే గుడ్డు నుంచి రెక్కల దాకా ఇంచుమించు నెల. మనిషి పోయిన మూడు నాలుగు రోజుల్లో జరిగే అంత్యక్రియలకు అప్పటికప్పుడు పెంచి ఇవ్వడం కుదరని పని. పెంపకందారు దగ్గర ఆ వారం రెక్కలు విప్పుకున్నవి ఎన్ని ఉంటే అన్నే దొరుకుతాయి. అందుకే చాలా కుటుంబాలు సంస్మరణ సభను కొన్ని వారాల తర్వాతకు పెట్టుకుని, ముందుగా చెప్పి తెప్పించుకుంటాయి. ప్యూపా నుంచి వచ్చిన సీతాకోకచిలుక రెక్కలు మొదట తడిగా, ముడతలుగా ఉంటాయి. వాటిలోకి శరీరంలోని ద్రవం పంపి చాచి, కొన్ని గంటలపాటు వేలాడి ఆరబెట్టుకుంటుంది. అవి పూర్తిగా గట్టిపడి, ఒకసారైనా తేనెలాంటి తీపి ద్రవం తాగాకే దాన్ని ప్యాక్ చేయాలి.

చలిలో సీతాకోకచిలుక కదలదు. ఈ వ్యాపారానికి అదే ఆధారం. కీటకాలు మనలాగా ఒంటి వేడిని ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంచుకోలేవు. చుట్టూ చల్లబడితే ఒళ్లూ చల్లబడుతుంది, జీవక్రియ మందగిస్తుంది, ఆకలి దప్పులు తగ్గుతాయి. పెంపకందారు ఒక్కొక్క దాన్ని రెక్కలు మడిచిన స్థితిలో పల్చని నున్నటి కాగితపు కవరులోనో, చిన్న ముక్కోణపు అట్టపెట్టెలోనో ఉంచుతాడు. వాటిని థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాకుతో కలిపి సర్ది, రాత్రికి రాత్రి చేరే కొరియర్‌లో పంపుతాడు. చేరిన వెంటనే డబ్బా తెరిచి, ఎన్ని బతికున్నాయో చూసుకోవాలి. కదలకుండా ఉన్నంత మాత్రాన చచ్చినట్టు కాదు. ఒకదాన్ని వెచ్చని గదిలో కాసేపు ఉంచితే కాళ్లు ఆడిస్తుంది. తక్కినవాటిని చల్లగా, చీకటిగా ఉన్న చోట అదే డబ్బాలో ఉంచాలి. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే కొద్దిసేపట్లోనే అన్నీ చచ్చిపోతాయి. ఇలాంటి సభల్లో ఎక్కువగా జరిగే ప్రమాదం ఇదే. తండ్రి పేరు తలచుకుని పెట్టె తెరిచిన పిల్లవాడికి చచ్చిన పురుగు కనిపించడం కంటే ఘోరం ఆ రోజున మరొకటి ఉండదు. అందుకని కాస్త అనుభవమున్న నిర్వాహకులు పిల్లల చేతికిచ్చే పెట్టెలను ముందే ఒకసారి తెరిచి చూస్తారు.

వదిలే వేళను ఎండే నిర్ణయిస్తుంది. ఎగరడానికి మోనార్క్ ఛాతీ కండరాలు దాదాపు 13 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి. గాలిలో 18 డిగ్రీలకు తగ్గకుండా వేడి, పైన ఎండ ఉన్నప్పుడే అది హాయిగా లేస్తుంది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి లోపు అనువైన సమయం. పొద్దుగుంకడానికి కనీసం రెండు గంటల ముందు వదిలితేనే కాస్త మకరందం తాగి, రాత్రి తలదాచుకునే కొమ్మ వెతుక్కోగలదు. వాన పడితే సభ ఆగకపోవచ్చు గానీ విడుదలను మాత్రం మరునాటికి వాయిదా వేయక తప్పదు. తడిసిన రెక్కలతో నేలమీద పడ్డ సీతాకోకచిలుక చీమల పాలవుతుంది. వాయిదా పడ్డప్పుడు వాటిని వలగుడ్డ పంజరంలోకి మార్చి, పుచ్చకాయ ముక్కో, పంచదార నీళ్లలో తడిపిన దూదో పెట్టాలి.

వదలబోయే పదిహేను ఇరవై నిమిషాల ముందు పెట్టెలను చల్లదనం నుంచి బయటికి తీసి నీడలో ఉంచుతారు. మూత తీసేటప్పటికి సీతాకోకచిలుక ఒక పక్కకు ఒరిగి, కాళ్లు ముడుచుకుని ఎండుటాకులా పడి ఉంటుంది. ముందు మీసాలు కదులుతాయి. తర్వాత కాళ్లు అట్ట అంచును పట్టుకుంటాయి. పైకెక్కి నిలబడ్డాక రెక్కలు సన్నగా వణకడం మొదలవుతుంది. భయంతో కాదు, కండరాలను అలా ఆడించి ఛాతీలో వేడి పుట్టించుకుంటుంది. ఆ తర్వాత రెక్కలు పూర్తిగా పరిచి ఎండకు పెడుతుంది. అప్పుడు వెనక రెక్క మీద ఒక ఈనె పక్కన చిన్న నల్లచుక్క కనిపిస్తే అది మగది. అర నిమిషానికో, ఐదు నిమిషాలకో లేస్తుంది. కొన్ని అసలు లేవవు, పక్కనున్న మనిషి చొక్కా మీదో, పూలదండ మీదో వాలి కూర్చుంటాయి. వేలితో తోయడం, ఊదడం, పైకి విసరడం చేయకూడదు. రెక్కల మీది పొలుసులు చేతికి అంటుకునేలా పట్టుకోనూ కూడదు. అన్నీ ఒక్కసారిగా మబ్బులా లేస్తాయని ఆశించిన కుటుంబాలకు ఇది నిరాశ కలిగిస్తుంది. అందుకే ప్రార్థనో, పాటో చివరి మాట దగ్గర ఆగి, కొన్ని నిమిషాలు మౌనానికి కేటాయించడం మంచి పద్ధతి.

స్థలం విషయంలో మూడు సంగతులు ముందే కనుక్కోవాలి. శ్మశానవాటిక యాజమాన్యం అనుమతి ఉందా, పచ్చికకు పురుగుమందు ఎప్పుడు కొట్టారు, దగ్గర్లో నేలలో పెరిగి పూసిన మొక్కలున్నాయా. సమాధి మీద పేర్చిన కోసిన పూలలో వాటికి తిండి అంతగా దొరకదు.

చట్టం సంగతికొస్తే, అమెరికాలో బతికున్న సీతాకోకచిలుకలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపడానికి వ్యవసాయ శాఖలోని తనిఖీ విభాగం అనుమతి కావాలి. చట్టం దృష్టిలో వాటి గొంగళిపురుగులు మొక్కలను తినే పురుగులే. ఆరుబయట వదలడానికి ఆ విభాగం తొమ్మిది జాతులను మాత్రమే పరిగణిస్తుంది, అవి కూడా అన్ని రాష్ట్రాలకూ వర్తించవు. రాకీ పర్వతాలకు తూర్పున పెరిగిన మోనార్క్‌ను పడమటికి గానీ, పడమటిదాన్ని తూర్పుకు గానీ పంపనివ్వరు. మన దేశంలో ఇలాంటి ఏర్పాటు చేయాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవలసింది వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఎన్నో సీతాకోకచిలుక జాతులున్నాయి, వాటిని పట్టడం, అమ్మడం నేరం.

ఇంతవరకు చెప్పినవన్నీ సక్రమంగా జరిగాయనుకున్నా, శాస్త్రవేత్తల అభ్యంతరాలు తీరవు. వాటిలో మొదటిది జబ్బు. మోనార్క్‌ను పట్టి పీడించే ఏకకణ పరాన్నజీవి ఒకటుంది. దీన్ని 1970లో వర్ణించారు, శాస్త్రీయ నామం ఆఫ్రియోసిస్టిస్ ఎలెక్ట్రోస్కిర్రా. జబ్బున్న తల్లి పొట్ట మీది సిద్ధబీజాలు గుడ్ల మీదా, ఆకుల మీదా రాలుతాయి. గొంగళిపురుగు వాటిని తింటుంది. ప్యూపా లోపల పరాన్నజీవి విపరీతంగా పెరిగి, బయటికొచ్చే సీతాకోకచిలుక ఒళ్లంతా మళ్లీ సిద్ధబీజాలతో నిండుతుంది. జబ్బు ముదిరినవి ప్యూపా నుంచి బయటపడలేవు, పడినా రెక్కలు ముడుచుకుపోయి ఉంటాయి. తక్కువగా సోకినవి చూడటానికి ఆరోగ్యంగానే ఉంటాయి గానీ ఎక్కువ దూరం ఎగరలేవు, ఎక్కువ కాలం బతకవు. పైకి బాగున్న ఇలాంటివే జబ్బును మోసుకుపోతాయి.

వలస ఈ జబ్బును అదుపులో ఉంచుతుందన్నది జార్జియా విశ్వవిద్యాలయంలో సోనియా ఆల్టైజర్ బృందం ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల సారం. దీర్ఘప్రయాణంలో జబ్బువి వెనకబడి రాలిపోతాయి, సిద్ధబీజాలు పేరుకున్న ఆకులను వలసగుంపు వెనక వదిలేస్తుంది. వలస వెళ్లని దక్షిణ ఫ్లోరిడా మోనార్క్‌లలో 70 శాతానికి పైగా జబ్బుతో ఉండగా, మెక్సికోకు వలస వెళ్లేవాటిలో ఆ నిష్పత్తి ఎంతో తక్కువ. ఇరుకైన గదుల్లో వందలకొద్దీ పెంచే చోట ఏం జరగగలదో దీన్నిబట్టి ఊహించవచ్చు. శ్రద్ధగల పెంపకందారులు ప్రతి తల్లి పొట్టకూ పారదర్శకమైన టేపు ముక్క అద్ది, దాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. పొలుసుల మధ్య గోధుమరంగులో, రెండు కొసలా సన్నబడిన అతిసూక్ష్మమైన గింజలు కనిపిస్తే ఆ తల్లిని పక్కన పెడతారు. కొనే కుటుంబం అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, ఈ పరీక్ష చేస్తారా అన్నది.

రెండో అభ్యంతరం వలసకే సంబంధించింది. శరత్కాలంలో పుట్టే తరం మోనార్క్‌లు వేసవి తరాల్లాగా కొన్ని వారాల్లో చచ్చిపోవు. జతకట్టడం వాయిదా వేసుకుని, దక్షిణ కెనడా నుంచి మధ్య మెక్సికో దాకా నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి, ఎనిమిది తొమ్మిది నెలలు బతుకుతాయి. ఎన్నడూ చూడని ఆ ఫర్ చెట్ల అడవిని సూర్యుడి దిశను బట్టి, మీసాల్లోని జీవగడియారంతో సరిచూసుకుంటూ చేరుకుంటాయి. టొరంటోకు చెందిన ఫ్రెడ్ ఉర్క్‌హార్ట్ దశాబ్దాలపాటు రెక్కలకు చీటీలు అంటించి వెతికించిన తర్వాత, 1975లో కెన్ బ్రగ్గర్, కాటలీనా అగ్వాడో ఆ అడవిని కనుక్కునేదాకా అవి చలికాలం ఎక్కడ గడుపుతాయో బయటి శాస్త్రలోకానికి తెలియనే తెలియదు.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఐషే టెంగర్-ట్రోలాండర్, మార్కస్ క్రోన్‌ఫోర్స్ట్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధన ఈ శక్తి ఎంత సున్నితమైనదో చూపింది. అమ్మకానికి తరతరాలుగా పెంచిన మోనార్క్‌లను శరత్కాలంలో ఆరుబయటే పెంచి, ఎగిరే దిశను పరీక్షిస్తే అవి దక్షిణానికి తిరగలేదు. జన్యుపరంగా కూడా అవి అడవి మోనార్క్‌ల నుంచి వేరుపడ్డాయి. అడవి మోనార్క్‌ల పిల్లలను ఇంట్లో పెంచినా దిశ తప్పాయి. ఇందులో రెండో మాటూ ఉంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించిన పరిశోధనలో, లోపల పెంచిన మోనార్క్‌లకు చిన్న రేడియో పరికరాలు అమర్చి బయట వదిలినప్పుడు, దిశ పరీక్షలో దిక్కు తోచని కోవకు చెందినవే ఆకాశంలో దాదాపు అన్నీ దక్షిణ దిశకు సాగాయి. ఎండలో కొంతకాలం గడిపాక దిక్సూచి సర్దుకుంటుందేమోనని వారి అంచనా. అయితే ఆ పరిశోధనలో వాడినవి వాణిజ్య సంతతి కావు. తరాల తరబడి డబ్బాల కోసమే పెంచినవాటి విషయంలో ఆ ఊరట లేదు. పెంపుడు మోనార్క్‌ల రెక్కల రంగు పలచగా, కాళ్ల పట్టు బలహీనంగా ఉంటాయని 2020లో ఆండీ డేవిస్ బృందం కొలతలతో సహా చూపింది.

మూడోది లెక్కల గొడవ. మోనార్క్‌లు ఎక్కడ, ఏ నెలలో, ఎన్ని కనిపించాయో వేలాదిమంది ఔత్సాహికులు రాసి పంపుతుంటారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో 1992 నుంచి నడుస్తున్న మోనార్క్ వాచ్ కార్యక్రమం వాళ్లు రెక్కలకు అంటించే చీటీల మీదే ఆధారపడింది. ఎవరో సభలో వదిలిన సీతాకోకచిలుక ఆ లెక్కలోకి చేరితే, ఆ జాతి అక్కడ సహజంగానే ఉందన్న తప్పుడు ఆధారం మిగులుతుంది. ఉత్తర అమెరికా సీతాకోకచిలుకల సంఘం విడుదలలను మొదటి నుంచీ వ్యతిరేకించడానికి ఇదీ ఒక కారణం. 2015లో ఆల్టైజర్, లింకన్ బ్రోవర్ తదితర మోనార్క్ నిపుణులు పెంచి వదలడం వద్దంటూ ఉమ్మడి ప్రకటన చేశారు.

మోనార్క్‌లు సమృద్ధిగా ఉన్న కాలమైతే ఈ అభ్యంతరాలను కొంత తేలిగ్గా తీసుకోవచ్చేమో. మెక్సికోలో శీతాకాలపు గుంపులు 1996-97లో 18 హెక్టార్లకు పైగా అడవిని కప్పితే, 2013-14లో 0.67 హెక్టారుకు, 2023-24లో 0.90 హెక్టారుకు కుంచించుకుపోయాయి. 2024-25లో 1.79కి కాస్త కోలుకున్నాయి. కాలిఫోర్నియా తీరంలో చలికాలం గడిపే పడమటి గుంపులో 2020-21 లెక్కకు రెండు వేలు కూడా దొరకలేదు. అమెరికా వన్యప్రాణి శాఖ 2024 డిసెంబరులో మోనార్క్‌ను ముప్పున్న జాతిగా ప్రకటించాలని ప్రతిపాదించింది. కలుపు మందులతో పొలాల్లో మిల్క్‌వీడ్ మాయమవడం, మెక్సికోలో అడవి నరకడం, వాతావరణ మార్పు కలిసి తెచ్చిన ముప్పు ఇది. సభల్లో వదలడం దీనికి మూలకారణం కాదు. కానీ ఇంత చిక్కిన జాతిలోకి జబ్బునూ, దిక్కు తెలియని సంతతినీ చేర్చడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని ఈ అంకెలతో బెదిరించడం ధర్మం కాదు. విడుదల కావాలనే అనుకుంటే హాని తగ్గించే మార్గాలున్నాయి. మోనార్క్‌కు బదులు, ప్రపంచమంతటా విస్తారంగా ఉన్న పెయింటెడ్ లేడీని ఎంచుకోవచ్చు. వచ్చినవారందరికీ ఒక్కొక్కటి అనకుండా, కుటుంబ సభ్యులకు సరిపడా కొన్నింటితో సరిపెట్టవచ్చు. అనుమతి ఉన్న, జబ్బు పరీక్ష చేసే, అదే రాష్ట్రంలోని పెంపకందారును చూసుకోవాలి. వలసకాలమైన ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా మోనార్క్‌లను వదలకపోవడం మేలు.

వీటన్నిటికంటే మెరుగైనది మొక్క. పోయినవారి పేర మిల్క్‌వీడ్ పాదు వేస్తే సీతాకోకచిలుక తనంతట తానే వస్తుంది, ఎవరూ ప్యాక్ చేసి పంపనక్కర్లేదు. సభకు వచ్చినవారికి విత్తనాల పొట్లాలు పంచే హాస్పైస్‌లు ఇప్పటికే కొన్ని ఉన్నాయి. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు పెరట్లో ఇది తేలికైన పనే. ఆ ప్రాంతపు సొంత రకాన్నే ఎంచుకోవాలి. తేమ నేలకు స్వాంప్ మిల్క్‌వీడ్, ఎండిన నేలకు బటర్‌ఫ్లై వీడ్ సరిపోతాయి. నర్సరీల్లో ఎర్ర, పసుపు పూలతో ఆకట్టుకునే ఉష్ణమండల మిల్క్‌వీడ్ చలి తక్కువ ఉన్న దక్షిణ రాష్ట్రాల్లో ఏడాదంతా పచ్చగా ఉండి, ఆకుల మీద సిద్ధబీజాలు పేరుకోవడానికి చోటిస్తుంది. దాన్ని మానుకోవాలి, లేదా చలికాలానికి ముందు మొదలంటా కోసేయాలి. మొలక కొనేటప్పుడు నియోనికోటినాయిడ్ పురుగుమందు వాడారేమో అడగాలి, అలాంటి ఆకు తిన్న గొంగళిపురుగు చచ్చిపోతుంది. విత్తనాలైతే శరత్కాలం చివర్లో నేలలోనే చల్లాలి, లేదా తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచి వసంతంలో నాటాలి. చలి తగలనిదే సొంత రకాల విత్తనాలు చాలావరకు మొలకెత్తవు, మొలిచిన మొక్క కూడా సాధారణంగా రెండో ఏడాది గానీ పూయదు.